గడి ముందు దిగిన సైకిల్

నా చిన్నప్పుడు మా ఊళ్లో జరిగిన సైకిల్ పందెం గురించి నేను ఎంతోమందికి చెప్పాను. దోస్తులకు చెప్పాను, నా పిల్లలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక మాట మింగేశాను. ఆ మాట లేకపోతే ఆ పందెం గురించి ఊరు అనుకున్నదే నిజమవుతుంది. ఊరు అనుకున్నది నిజం కాదు.

మా ఊరు పాలకుర్తి నుంచి వచ్చే రోడ్డు మీదే ఉంది. దొరల ఇల్లు కాబట్టి మా ఇంటిని అందరూ గడి అనేవాళ్లు. నేను పుట్టేనాటికి దొరతనం చాలావరకు పోయింది. ప్రహరీ గోడ ఒకవైపు కూలితే మళ్లీ కట్టించలేదు. అయినా గడి ముందుకు రాగానే జనం సైకిల్ దిగి, నడిపించుకుంటూ పోయి, మూల తిరిగాక ఎక్కేవాళ్లు. దిగమని గద్దించే మా తాతయ్య నాకు ఐదారేళ్లప్పుడే మంచం పట్టాడు. చెప్పేవాళ్లు లేకపోయినా దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు. తండ్రి దిగితే వెనక కూర్చున్న కొడుకూ దిగేవాడు, అంతే.

దిగనివాడు ఒకడుండేవాడు. ఊరంతా తిరిగి పాలు పోయించుకుని, రెండు క్యాన్లు సైకిల్‌కు కట్టుకుని, పొద్దున్నే పాలకుర్తి హోటళ్లకు తీసుకుపోయే పాలాయన. పాతికేళ్ల లోపు మనిషి. ఆ సైకిల్ కూడా కిరాయిదే. ఒకరోజు మా జీతగాడు అడ్డం నిలబడి ఎందుకు దిగవని అడిగితే, "దిగితె పాలు తొణుకుతయి. తొణికిన పాలకు దొర పైసలిస్తడా?" అన్నాడట. మా నాయిన ఆ మాట విని నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత వాళ్ల వాడకట్టులో కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా దిగడం మానేశారు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. వరంగల్‌లో చదివే మా అన్న ఇంటికి వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అట్లా వచ్చినవాళ్లంతా చేరి సైకిల్ పందెం పెట్టారు. పాలకుర్తిలో మొదలుపెట్టి మా ఊరి బడి దగ్గర ముగించాలి. గెలిచినవాడికి కొత్త సైకిల్ ఇస్తానని మా నాయిన మాట ఇచ్చాడు. మా అన్న పేరిచ్చాడు. పాలాయన కూడా ఇచ్చాడు. సైకిల్ గెలిస్తే ఆయనకు కిరాయి బాధ తప్పుతుంది. ఊళ్లో ఎవరిని అడిగినా గెలిచేది ఆయనే అన్నారు. రోజూ క్యాన్ల బరువుతో తొక్కేవాడికి ఉత్త సైకిల్ ఒక లెక్కా?

ఆ రోజు ఊరంతా బడి దగ్గర ఉంది. నేను ఒక్కణ్ణే కూలిన గోడ మీద ఎక్కి కూర్చున్నాను. అక్కడి నుంచి రోడ్డు చాలా దూరం కనపడుతుంది. గడి దాటి మూల తిరిగితే బడి. మూలకు అవతల నిలబడ్డవాళ్లకు గడి కనపడదు.

ముందు పాలాయనే వచ్చాడు. చొక్కా గాలికి ఉబ్బి ఉంది. మొహంలో అలసట లేదు, నవ్వుతున్నాడు కూడా. చాలా వెనక మా అన్న. నాకు ఏడుపు వచ్చింది. కొత్త సైకిల్ గెలిస్తే తన పాత సైకిల్ నాకిస్తానని మా అన్న ముందురోజే చెప్పాడు.

అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. మా తాతయ్య ఎట్లా అనేవాడో అట్లాగే, అదే తీరులో అరిచాను.

"ఏయ్! గడి ముందల ఎక్కి పోతున్నవా? దిగు!"

ఆయన దిగాడు. ఆలోచించి దిగలేదు. వేడి తగిలిన చెయ్యి వెనక్కి వచ్చినట్టు, ఆ కాళ్లు వాటంతట అవే నేల మీదకు వచ్చాయి. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు. పదేళ్ల పిల్లవాణ్ణి. మళ్లీ ఎక్కవచ్చు. ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని నడిచాడు. వెనక చక్రం టిక్కు టిక్కుమంటుంటే మా అన్న పక్క నుంచి దూసుకుపోయాడు.

మూల తిరిగి నడుచుకుంటూ వస్తున్న పాలాయనను చూసి బడి దగ్గర గోల మొదలైంది. నేను కూడా అక్కడికి పరుగెత్తాను.

"ఏమైందిర? పంచరా?"

"పంచరు లేదు, చైను పడలే. కాళ్లే పడ్డయి!"

"కాళ్లు పడలేదే, చేతుల ఏదో పడ్డది. దొర సైకిల్ దొరింటికే పాయె. నీకెంత ముట్టిందిర?"

అందరూ నవ్వారు. ఆయన సైకిల్ కిరాయి దుకాణం వైపు తిప్పాడు. చైను పడిందేమో అనుకున్నానని మా అన్న ఇంట్లో చెప్పాడు. అది అబద్ధం కాదు, అన్నకూ తెలియదు. తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే.

నవ్వు అక్కడితో ఆగితే బాగుండేది. మా వీధి చివర బర్రెలున్న ఒక ఇల్లాలు మర్నాడు ఆయనకు పాలు పోయలేదు. "పందెం అమ్ముకున్నోడు పాలల్ల నీళ్లు కలిపి మా పేరు చెప్పడా?" అన్నది. ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. హోటళ్ల దాకా పోయింది. కొన్నాళ్లకు రెండు క్యాన్లలో ఒకటి తగ్గింది.

అన్న పాత సైకిల్ నాకు వచ్చింది. ఆ పందెంలో ఎవరికైనా ఏదైనా ముట్టిందంటే అది నాకే.

సీటు అందక, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. ఒకరోజు అట్లాగే తొక్కుతూ పొలం కాలువలో పడ్డాను. ఎదురుగా వస్తున్న పాలాయన తన సైకిల్‌కు స్టాండ్ వేసి దిగాడు. కొడతాడనుకున్నాను. నన్ను లేపి, మోకాలి మీది బురద తన తువ్వాలతో తుడిచి, వంకరపోయిన హ్యాండిల్‌ను, ముందు చక్రం తన కాళ్ల మధ్య బిగించి సరిచేయసాగాడు.

"ఎవరికన్న చెప్పినవా?" అని అడిగాను. నా భయమల్లా అదే.

"ఏమని చెప్పాలె చిన్నదొరా? పోరడు దిగుమంటె దిగిన్ననా?" అన్నాడు నవ్వుతూనే. "అమ్ముకున్నడంటె నా ఒక్కనికే సిగ్గు. గిది చెప్తె మా వాడకంత సిగ్గు. నన్ను చూసి దిగుడు బందు పెట్టినోళ్లు మళ్ల దిగుతరు."

హ్యాండిల్ సరి అయిందో లేదో ఒక కన్ను మూసి చూసుకున్నాడు. ఆ తర్వాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నీ నోట్ల మాట నీదొక్కనిదే అనుకుంటున్నవ్. దానెనుక మీ తాత ఉన్నడు, ఆయన నాయిన ఉన్నడు. గట్టిగ ఒర్రితె అందరు కలిసి ఒర్రినట్టుంటది. జర చూసి ఇడువు."

సైకిల్ నా చేతికిచ్చాడు. "ఇగ ఎక్కు. ఎవ్వల్ని చూసి దిగకు."

ఆ రోజే ఇంటికి పోయి చెప్పవలసింది. చెబితే మా నాయిన సైకిల్ ఆయనకు ఇప్పించేవాడని ఇప్పటికీ నా నమ్మకం. కానీ నేను చెప్పలేదు. మరుసటి ఏడు ఆయన పాల పని వదిలేసి, భార్యను తీసుకుని మహబూబాబాద్ వెళ్లిపోయాడు. స్టేషన్ దగ్గర సైకిల్ రిపేరు దుకాణం పెట్టాడని విన్నాం.

నేను ఉద్యోగంలో చేరాను, నా కింద మనుషులు పనిచేశారు. కోపం వచ్చి గొంతు పెరగబోయినప్పుడల్లా ఆ టిక్కు టిక్కు వినపడేది. నోరు మూసుకునేవాణ్ణి. కొందరు నన్ను మెత్తని మనిషి అన్నారు. ఆ మెత్తదనం ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు చెప్పలేదు. ఆయన నేర్పినదాన్ని జీవితమంతా వాడుకుంటూ, ఆయన మీద పడ్డ మచ్చను మాత్రం అట్లాగే వదిలేశాను.

పోయినేడు మహబూబాబాద్ వెళ్లి ఆ దుకాణం ముందు నిలబడ్డాను. తల నెరిసింది కానీ చేతులు అవే. నేనెవరో చెప్పి, వచ్చిన పని చెప్పాను. ఆయన పానా కింద పెట్టలేదు.

"గది నాకెరుకే గద, నాకు చెప్పుడెందుకు? ఎరుక లేనోళ్లకు చెప్పు."

ఆ మాట ప్రకారం ఒక ఆదివారం ఆయనను మా ఊరి బడి దగ్గరికి తీసుకువచ్చాను. మా అన్న వచ్చాడు. ఆనాటివాళ్లలో మిగిలిన నలుగురైదుగురు వచ్చారు. పాలు పోయడం మొదట మానేసిన ఆ ఇల్లాలు ఇప్పుడు ముసలి అవ్వ. ఆమెను మనవడు చెయ్యి పట్టుకుని తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టాడు. గోడ మీది నుంచి నేను ఏమని అరిచానో అందరికీ చెప్పాను. అవ్వ చెయ్యి నోటికి పోయింది. "గట్లనా బిడ్డా? నేనెన్ని మాటలంటి!" అన్నది.

పాలాయన వైపు తిరిగాను. మా ఇంట్లో ఎవరూ ఆయనను వరుస పెట్టి పిలవలేదు. నేనూ పిలవలేదు.

"అన్నా, నువ్వు పందెం అమ్ముకోలేదు. గెలిచినోనివి నువ్వే. దిగుమన్నది నేను, చెప్పకుండ దాసింది నేను. తప్పు నాది, మాఫ్ చెయ్యి."