పలకని అక్షరాలన్నీ పలికిన అయ్యవారు

సోమవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరి ఆదోని బస్టాండు దాకా వచ్చానో లేదో, ఎమ్మిగనూరు నుంచి అమ్మ ఫోన్ చేశారు. అమ్మ అంటే నన్ను కన్న అమ్మ కాదు, మా అయ్యవారి భార్య. "పాపా, మీ అయ్యవారు పోయినారు. కాఫీ అడిగినారు. కలుపుకోని వచ్చేసరికి లేరు" అన్నారు. ఆమె ఏడవలేదు. బడికి పోవాల్సిన బస్సును వదిలేసి ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఒకటే బాధ. ఎప్పుడో ఆయనను నేనొక మాట అన్నాను. తప్పయిపోయిందని చెప్పడానికి ఏళ్ళకేళ్ళు గడువు దొరికింది. చెప్పలేదు.

అయ్యవారు హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్న మంత్రాలయం మఠంలో వంట చేసేవారట. చిన్నప్పుడు ఈయన మాత్రం వంటశాల వదిలేసి లాడ్జీల చుట్టూ తిరిగేవారు, యాత్రికులు మరిచిపోయి వెళ్ళిన పుస్తకాల కోసం. ఒకసారి ఎవరో విదేశీయుడు వదిలిపోయిన స్పానిష్ వ్యాకరణం దొరికింది. ఇక అంతే. స్పానిష్ తరవాత ఇటాలియన్, ఫ్రెంచి, పోర్చుగీసు, చివరికి రొమేనియన్. అన్నీ పాత పుస్తకాల షాపులకు ఉత్తరాలు రాసి తెప్పించుకున్నవే. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు మధ్య, వీధి అరుగు మీద కూర్చుని ఒక్కరే చదువుకున్నారు. మీకు ఐదు భాషలొచ్చు కదా అని ఎవరైనా అంటే "వచ్చినాయని యెవురు సెప్పినారప్పా? సదువుతాండాను, అంతే" అనేవారు.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఆయన దగ్గర చేరాను. మా నాన్న ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కాటా వేసే మనిషి. ఫ్రెంచి వస్తే హైదరాబాదులో ఉద్యోగాలున్నాయని ఎవరో చెబితే, ప్రతి శనివారం నన్ను ఎమ్మిగనూరు బస్సెక్కించేవాడు.

మొదటి రోజు అయ్యవారు నేర్పింది ఒకే ఒక్క క్రియ. లాటిన్‌లో 'తెనేరె', అంటే పట్టుకోవడం. "లాటిన్ తల్లి పోయింది పాపా. బిడ్డలు అయిదు ఊర్లకు కోడళ్ళై పోయినారు. పుట్టింట్లో పెట్టిన గిన్నె ఒగటే. యా ఇంట్లో దాన్ని యా పనికి వాడుతాండారో పోయి సూసొద్దాం రా" అన్నారు. స్పానిష్ ఇంట్లోనూ పోర్చుగీసు ఇంట్లోనూ ఆ గిన్నె పొద్దస్తమానం పొయ్యి మీదే ఉంటుంది. ఇల్లుందన్నా, ఆకలిగా ఉందన్నా, నాకు ఇరవై ఏళ్ళన్నా అదే క్రియ. ఫ్రెంచి, ఇటాలియన్ ఇళ్ళలో ఆ పనులకు వేరే గిన్నె ఉంది కాబట్టి, దీన్ని పట్టుకోవడానికీ నిలబెట్టుకోవడానికీ వాడుకుంటారు. మాట నిలబెట్టుకోవడం, తెగిపోకుండా ఆగడం, ఒకరంటే ప్రాణం కావడం, ఫ్రెంచిలో అన్నీ దీనితోనే చెప్పొచ్చు. దూరంగా రొమేనియాకు పోయిన కూతురు దీని పక్కన 'మనసు' అనే మాటను పెట్టి 'గుర్తు పెట్టుకో' అంటుంది.

అయ్యవారి ఆలోచన అక్కడ ఆగేది కాదు. "మనకు ఇట్లాంటి క్రియే లేదు సూడు. నాకు ఇల్లుంది అంటాం. ఇల్లు దాని పాటికి అది ఉంటాది. వాళ్ళకు పట్టుకుంటేనే ఉన్నట్టు. రెండిట్లో యాది నిజమో నాకింగా తెల్దు" అనేవారు. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ సందేహాన్ని ఎంత సంతోషంగా మోసేవారో చెప్పలేను.

ఆయనకొక పద్ధతి ఉండేది. పాత ప్రశ్నపత్రాల వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, ఒక్కో దాని మీద ఒక్కో వాక్యం రాసి ఇనుప తీగకు గుచ్చేవారు. కానీ ఊరికే రాయకూడదు. ఆ వాక్యం నిజంగా అవసరం పడాలి, ఎదురుగా ఉన్న మనిషితో అనాలి, అప్పుడే కాగితం ఎక్కాలి. తేదీ, ఎవరితో అన్నారో కింద రాయాలి. ఆకలి వాక్యం కోసం నన్ను మధ్యాహ్నం రెండు దాకా అన్నం పెట్టకుండా కూర్చోబెట్టారు. స్పానిష్‌లో 'చలిగా ఉంది' అనడానికి ఏకంగా పుష్యమాసం దాకా ఆగాము. ఎమ్మిగనూరులో మరి చలి అంత సులభంగా దొరకదు.

ఇంట్లో ఎదురుగా ఉండే మనిషి అమ్మే కాబట్టి ఐదు భాషలూ ఆమె మీదే పడేవి. కళ్ళద్దాల పెట్టె అందిస్తూ ఇటాలియన్‌లో 'తియెని' అనేవారు. ఆమె అందుకుంటూ, "ఇంద అంటే సాలదా? దానికి దేశాలు తిరగల్లా?" అనేవారు. అయ్యవారు నవ్వుకుంటూ పోయి రాసుకునేవారు.

నాలుగేళ్ళు అలా నేర్చుకుని హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఫ్రెంచిలో ఒక పేరా ఇచ్చి చదవమన్నారు. గొంతు సవరించుకుని, అయ్యవారు నేర్పినట్టే ఒక్క అక్షరం వదలకుండా స్పష్టంగా చదివాను. రెండో వాక్యానికి ఎదురుగా ఉన్న ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడో వాక్యానికి పక్కనున్నాయన మర్యాదగానే అడిగాడు, "ఇది ఏ భాషమ్మా?" అని. ఫ్రెంచి వాళ్ళు సగం అక్షరాలు రాస్తారే గానీ పలకరని నాకు ఆ రోజే తెలిసింది. రాసిందంతా పలకడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. అయ్యవారు ఆ భాషను తెలుగు చదివినట్టు చదివారు, నాకూ అట్లాగే నేర్పారు.

తిరిగొచ్చి మా ఇంటికి కూడా పోలేదు. నేరుగా ఎమ్మిగనూరు పోయాను. ఆయన అరుగు మీదే ఉన్నారు. "మాట చివర ఉండే అక్షరాలు వాళ్ళు పలకరంట. మీరు యెప్పుడన్నా ఒక్క మనిషి నోట విన్నారా అయ్యవారూ, ఈ భాష?" అని అడిగాను.

"లేదు పాపా. ఈడ యెవురుండారు మాట్లాడేకి?"

"రానిది రాదని సెప్పల్ల. నాలుగేండ్లు నన్ను యెందుకు తిప్పించుకున్న్యారు? మీరు సదివింది సదువే కాదు!"

అదీ నేనన్న మాట. వాకిట్లో నిలబడి, అమ్మ వింటుండగా అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "కడ అక్షరాలు పలకరా? అన్నిట్లోనా, కొన్నిట్లోనా?" అని అడిగారు. నేను వెనక్కి తిరిగి బస్టాండుకు నడిచాను. ఆ తరవాత రెండేళ్ళు ఆ వీధి తొక్కలేదు. బి.ఎడ్. చేసి ఆదోని దగ్గరే ఒక పల్లె బళ్ళో చేరాను. పంతానికి ఫోన్‌లో వింటూ ఫ్రెంచి సరిగ్గా నేర్చుకున్నాను. ఉద్యోగం కోసం కాదు, ఆయన తప్పని రుజువు చేయడానికి. నా బుద్ధి అప్పుడంత గొప్పగా ఉండేది.

ఒక ఆదివారం తలుపు తీస్తే ఎదురుగా అయ్యవారు. చేతిలో గుడ్డసంచి, దాని నిండా ఫ్రెంచి కాగితాలు. బస్సు దిగి ఎండలో నడిచొచ్చారు. మంచినీళ్ళు తాగి, నన్ను కుర్చీలో కూర్చోమని, తాను కింద చాప మీద కూర్చున్నారు. నేను గాభరాగా లేవబోయాను. "కూసో పాపా. సెప్పేవాళ్ళు పైన ఉండల్ల. నేను తప్పు నేర్పిస్తి. ఇంగ నువ్వు సెప్పు, నేను నేర్సుకుంటా" అన్నారు. అంతకు ముందే తన దగ్గర ఫ్రెంచి నేర్చుకున్న అందరికీ, తాను చెప్పిన ఉచ్చారణ తప్పని కార్డులు రాశారట. అట్లాంటివాళ్ళు నలుగురో ఐదుగురో ఉంటారు. ఆ మాట కూడా మామూలుగానే చెప్పారు, ఊరి సంగతులు చెప్పినట్టు.

అప్పటి నుంచి నెలకు రెండు ఆదివారాలు ఆయన వచ్చేవారు, కాళ్ళు సహకరించనప్పుడు నేను పోయేదాన్ని. నేను పలికితే ఆయన పలికేవారు. పలకని అక్షరాల కింద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకునేవారు. ముక్కుతో పలికే శబ్దాలు మాత్రం ఎంతకీ పట్టుబడలేదు. "నా నోటికి వయసైపోయింది పాపా, చెవికి కాలేదు" అని నవ్వేవారు. నేనూ నవ్వాను. ఎన్ని ఆదివారాలో అట్లా నవ్వుతూ గడిచాయి. ఆ రోజన్నది తప్పు అయ్యవారూ అని మాత్రం నోరు పెగల్లేదు. ఆయనకు గుర్తే లేదేమో అని సర్దిచెప్పుకున్నాను. అన్నీ తేదీ వేసి రాసుకునే మనిషికి గుర్తుండదా?

పదకొండో రోజు పనులు ముగిసి బంధువులంతా వెళ్ళాక, అమ్మ వాక్యాల కాగితాలు గుచ్చిన ఆ తీగను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఇన్నేండ్లు నాతో యేమేమో అంటుండ్రి. నేను సగం యినలేదు. ఒగటి సదువు పాపా" అన్నారు.

చేతికందిన కాగితం తీశాను. ఫ్రెంచి వాక్యం, పాత తేదీ, కింద 'ఇంట్లో ఆమెతో' అని. కొత్త చెప్పులు కొనుక్కోమని అమ్మ పోరితే, నా చెప్పులు ఇంకా తెగకుండా ఆగాయిలే అన్న సందర్భం, ఒక ఆదివారం ఆయనే చెప్పారు. "మే సాందాల్ తియెన్ ఆంకోర్" అని చదివాను, శుద్ధమైన ఉచ్చారణతో.

అమ్మ తల అడ్డంగా ఊపారు. "అట్ల గాదు. ఆయన యట్లంటుండ్రో అట్ల సదువు."

కాగితాన్ని వెలుగుకు తిప్పుకున్నాను. ఎర్ర గీతలున్న అక్షరాలు ఒక్కటీ వదలలేదు. "మెస్ సందాలెస్ తియెన్నెంట్ ఎంకోరె."

అమ్మ వాకిలి వైపు చూస్తూ అన్నారు, "యాడ ఆగినాయి? రేపే పోయి కొత్తవి తెచ్చుకోండి."