వచ్చేవారం మేస్త్రి

మా పెదనాన్న బాగుచేయలేని వాయిద్యం లేదు. చెప్పిన రోజుకి తిరిగిచ్చిన వాయిద్యమూ లేదు. ఎవరు ఏది పట్టుకొచ్చినా, ఎప్పుడడిగినా ఆయన నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే: "వచ్చేవారం." అందుకే ఊళ్ళో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు. వచ్చేవారం మేస్త్రి కొట్టెక్కడంటే చంటిపిల్లలు కూడా దారి చూపిస్తారు.

బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడొకడు తన ట్రంపెట్ బాగుకిచ్చి, వారం వారం తిరిగి తిరిగి, చివరికి విసుగెత్తి డ్రమ్ములు నేర్చుకున్నాడు. పెదనాన్న ఒకరోజు ఉన్నట్టుండి ట్రంపెట్ తీసుకెళ్ళి చేతిలో పెడితే, "ఇప్పుడు నాకెందుకు మేస్త్రీ, నేను డ్రమ్ముల్లో స్థిరపడ్డాను" అన్నాడట. "చూశావా, నావల్ల నీకు రెండో విద్య అబ్బింది" అని పెదనాన్న ఆ ఘనత కూడా తన ఖాతాలోనే వేసుకుని వచ్చాడు.

మా పెద్దమ్మది అంతకంటే పాత ఫిర్యాదు. "పెళ్ళెప్పుడు పెట్టుకుందాం అని మా నాన్న అడిగితే, ఈ మహానుభావుడు వచ్చేవారం అన్నాడు. మూడు నెలలు అదే మాట. అప్పుడే అర్థం చేసుకుని పారిపోవాల్సింది, నా బుద్ధి గడ్డి తింది" అనేది. ఆవిడ ఇస్త్రీపెట్టె బాగుకని ఆ కొట్లోకి వెళ్ళింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పెట్టె అక్కడే ఉంది.

కొట్టంటే మూడంతస్తుల ఇంటి మెట్ల కింద ఉన్న గది. లోపల నిటారుగా నిలబడగలిగింది నేనొక్కదాన్నే. గోడల నిండా కొక్కేలు, కొక్కేలకి వాయిద్యాలు, ఒక్కోదానికి దారంతో కట్టిన అట్టముక్క చీటీ. జిగురు వాసన, తోలు వాసన, మూత పెట్టడం మర్చిపోయిన వార్నిష్ వాసన. అడగడానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడానికి అక్కడ కుర్చీ ఉండేది కాదు. కూర్చుంటే తొందరగా లేవరని ఆయన భయం.

"జిగురు ఆరలేదు బాబూ. వచ్చేవారం."

"మేస్త్రీ, అది ఫ్లూటు! ఒకటే గొట్టం. దానికి జిగురెక్కడ పెట్టావయ్యా?"

"అదే కదా కష్టం. పెట్టే చోటు దొరికేసరికే వారం పట్టింది."

ఆ మనిషి నవ్వాలో కొట్టాలో తేల్చుకోలేక వెళ్ళిపోయాడు. పెదనాన్న మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని స్క్రూడ్రైవరుతో వీపు గోక్కున్నాడు.

మా అమ్మ లాండ్రీలో పనిచేసేది. బడి వదిలాక నన్ను ఒంటరిగా ఇంట్లో ఉంచలేక, నాకు పదకొండేళ్ళప్పుడు తీసుకొచ్చి ఆ మెట్ల కింద పడేసింది. మొదటిరోజే పెదనాన్న నా ఒళ్ళో ఒక ముసలి అకార్డియన్ పెట్టాడు. అదొక బరువైన పెట్టె. భుజాలకి తగిలించుకోవాలి, కుడిచేతికి మీటలు, ఎడమచేతికి బొత్తాలు, మధ్యలో మడతల తిత్తి.

"ఊరికే కూర్చుంటే తిన్నది అరగదే. దీన్ని లాగుతూ, నొక్కుతూ, గాలి ఎక్కడ పోతోందో చెప్పు."

పావుగంట కుస్తీ పట్టి, "అన్ని చోట్లా పోతోంది పెదనాన్నా" అన్నాను.

"శభాష్. రేపు మళ్ళీ చూడు. ఇంకెక్కడైనా పోతుందేమో."

అలా నాకు కొలువు దొరికింది. బాగుచేసిన వాయిద్యాన్ని రోజుకి రెండు గంటలు వాయించి చూడకపోతే అది మళ్ళీ పాడవుతుందని, ఇది తమ వృత్తిలో పెద్ద నియమమని పెదనాన్న చెప్పాడు. నేను నమ్మాను. నేను తప్పు వాయిస్తే ఎప్పుడూ నన్ననలేదు. "అది దాని తప్పు. ఇంకోసారి వాయించు, సర్దుకుంటుంది" అనేవాడు. ఏడోసారికో ఎనిమిదోసారికో సరిగ్గా పలికేది. "చూశావా, సర్దుకుంది" అనేవాడు. పెట్టెలన్నీ మహా మొండివని, నేను చాలా ఓపికగలదాన్నని అనుకుంటూ పెరిగాను.

నేను కట్టిన మొదటి పాటకి గురువు అమ్మ లాండ్రీలోని బట్టలుతికే యంత్రం. దానికి ఒక కాలు పొట్టి. తిరిగినప్పుడల్లా ధబ్, ధబ్, కిర్రు... మళ్ళీ ధబ్, ధబ్, కిర్రు. సెలవురోజుల్లో అమ్మ పక్కన కూర్చుని వినీ వినీ, ఆ నడక మీద ఒక వరస అల్లి, ఇంటికి తెచ్చి వినిపించాను. అమ్మ తల పట్టుకుంది.

"దాని గోల పడలేకే కదే నేను ఇంటికొచ్చేది! దాన్ని ఇంట్లోకి కూడా మోసుకొచ్చావా?"

పెదనాన్న మాత్రం కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. "ఆ కిర్రు ముందు ఇంకాస్త ఆగు. వినేవాడు ఎదురుచూడాలి. ఎదురుచూపులో ఉంది రుచి."

"ఆ రుచి ఊరందరికీ చూపిస్తున్నారుగా" అంది పెద్దమ్మ.

నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికి ఊళ్ళో సంగీత పాఠశాలలో చేరాలన్న పిచ్చి పట్టింది. చేరాలంటే సెలక్షన్. మూడు పాటలు వాయించాలి, అందులో ఒకటి సొంతం. వాయిద్యం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కొట్లోవన్నీ ఊళ్ళోవాళ్ళవి. నాకంటూ ఉన్న వాయిద్యం అప్పటికి ఈలపాట ఒక్కటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే పళ్ళ డాక్టరుగారి అకార్డియన్ బాగుకొచ్చింది. ఎర్రగా నిగనిగలాడుతూ, నూట ఇరవై బొత్తాలతో కొత్త పెళ్ళికూతురిలా ఉంది. నాలుగు మీటలు ఇరుక్కుపోయాయి, అంతే. డాక్టరుగారికి వాయించడమంటే ప్రాణం. ఆయన వాయిస్తే వినేవాళ్ళకి ప్రాణం పోయేది. పన్ను పీకడానికి మత్తు ఎందుకు, డాక్టరుగారు ఒక పాట వాయిస్తే పేషెంటు తనంతట తనే స్పృహ తప్పుతాడని ఊళ్ళో అనుకునేవారు.

పెదనాన్న యథాప్రకారం వచ్చేవారం అన్నాడు. నన్ను యథాప్రకారం రోజూ వాయించి చూడమన్నాడు. నాలుగు నెలలు గడిచాయి. ప్రతి శనివారం డాక్టరుగారు వచ్చి తలుపు దగ్గర వంగి నిలబడేవారు.

"ఏమయ్యా, నేను పన్ను పది నిమిషాల్లో పీకుతాను. నాలుగు మీటలు పైకి తియ్యడానికి నీకు నాలుగు నెలలా?"

"మీరు పీకి పారేస్తారు డాక్టరుగారూ. నేను పీకింది మళ్ళీ పెట్టాలి."

సెలక్షన్‌కి మూడు వారాలుందనగా పెదనాన్నకి పన్ను నొప్పి పట్టుకుంది. కుడి దవడ పన్ను. మొదట చెంప మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు. తర్వాత చెంపే చేతిలోకి వచ్చినంత వాచింది. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, లవంగం నొక్కాడు, పంటి బిగువున భరించాడు. ఊరికంతటికీ ఉన్నది ఒక్కరే పళ్ళ డాక్టరు.

"వెళ్ళి చూపించుకోండి" అని పెద్దమ్మ.

"వచ్చేవారం."

"హవ్వ! ఆఖరికి సొంత పన్నుకి కూడా వాయిదాలేనా?"

అందరం పడీపడీ నవ్వాం. సూది చూస్తే భయమని నేను కూడా ఆటపట్టించాను. సెలక్షన్ గురువారమనగా మంగళవారం నాడు పెద్దమ్మ ఇక లాభం లేదని ఆయన చొక్కా పట్టుకుని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. అక్కడ జరిగింది ఇంటికొచ్చి చేతులు తిప్పుతూ చెప్పింది.

"కుర్చీలో పడుకోబెట్టారు. నోరు తెరిపించారు. లైటు వేశారు. పట్టకారు చేతిలోకి తీసుకుని డాక్టరుగారు అడిగారు కదా, 'నా అకార్డియన్ ఎప్పుడిస్తావ్?' అని. ఈయన తెరిచిన నోటితోనే 'అచ్చేఆరం' అన్నాడు. డాక్టరుగారు లైటు ఆర్పేసి, 'అయితే నీ పన్నూ వచ్చేవారమే పీకుతా, పో' అన్నారు. బుద్ధున్నవాడైతే రేపు తెచ్చిస్తానని కాళ్ళావేళ్ళా పడతాడా లేదా? ఈయన లేచి, చొక్కా సర్దుకుని, పన్నుతో సహా నడిచి వచ్చేశాడు!"

మళ్ళీ నవ్వాం. నాకు మాత్రం నవ్వు సగంలో ఆగిపోయింది. మనిషి అంత నొప్పిని ఒక వాయిదా కోసం భరిస్తాడా?

మర్నాడు కొట్లో ఆయన లేనప్పుడు ఎర్ర అకార్డియన్ చీటీ తిప్పి చూశాను. వెనక పెన్సిలుతో రాసి ఉంది: 'సోమవారం వచ్చింది. మంగళవారం అయింది.' నాలుగు నెలల కిందటి మంగళవారం. దాని కింద 'అమ్మడు, రోజూ సాయంత్రం' అని. అమ్మడంటే నేనే. మిగతా చీటీలన్నీ తిప్పాను. ఏ పనికీ మూడు రోజులు దాటలేదు. ఫ్లూటు వెనక 'రొట్టెల కొట్టు అమ్మాయి, పొద్దున ఏడుకి.' క్లారినెట్ వెనక 'వాచ్‌మన్ కూతురు, ఆదివారాలు.' కొనుక్కోలేనివాళ్ళందరూ ఆ చీటీల వెనక ఉన్నారు. ఇస్త్రీపెట్టె చీటీ వెనక మాత్రం ఏమీ లేదు. అది వట్టి బద్ధకం.

ముందు నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆ చీటీలన్నీ మళ్ళీ మొదట్నుంచీ చదివాను. ఆయన రాగానే ఎర్ర పెట్టె చీటీ మొహం ముందు పెట్టాను.

"ఏంటిది పెదనాన్నా?"

"పెన్సిలు రాత. నమ్మకూడదు."

"మరి నీ పన్ను?"

"పళ్ళదేముందే, నోటి నిండా ఉన్నాయి. సెలక్షన్ ఒక్కటే కదా" అన్నాడు వాచిన చెంపతో, మాట ముద్దముద్దగా.

గురువారం పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, ఆ పెట్టె వీపున వేసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. పదకొండింటికి సెలక్షన్. ఇచ్చేస్తే నాకు ఆ ఏడాది లేనట్టే. ఆ సంగతి దారి పొడుగునా తెలుస్తూనే ఉంది. అయినా వెళ్ళాను.

"రెండో రోజే బాగైంది డాక్టరుగారూ. ఇవాళ పదకొండింటి సెలక్షన్ కోసం నాలుగు నెలలుగా నేనే వాయిస్తున్నాను. తీసేసుకోండి. మా పెదనాన్న పన్ను పీకండి."

ఆయన ఎర్రబడ్డారు. తిడతారనుకుని కళ్ళు మూసుకున్నాను.

"వాయించు" అన్నారు. "నాలుగు నెలలు ఏం వెలగబెట్టావో చూస్తా."

చెంపలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్న ముగ్గురు పేషెంట్ల ముందు లాండ్రీ పాట వాయించాను. కిర్రు ముందు ఆగినప్పుడు ఒకాయన చెంప మీంచి చెయ్యి తీసి ముందుకి వంగాడు. అయిపోయాక డాక్టరుగారు నా భుజాల మీంచి పెట్టె దించి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"నేను కొన్నది ఈ పెట్టేనా? నా దగ్గర ఉన్నప్పుడు ఒక్కరోజు ఇలా అరిచిన పాపాన పోలేదు!" తర్వాత గొంతు పెంచారు. "వెళ్ళి ఆ మొండి మనిషిని పట్టుకురా. పన్ను పీకి, అందరం కలిసే సెలక్షన్‌కి పోదాం. నా పెట్టెని నీతో ఒంటరిగా పంపిస్తానా?"

పది నిమిషాల్లో పన్ను వచ్చేసింది. ఆయన చెప్పింది చెప్పినట్టే. దూది కుక్కి, "గంటసేపు నోరు తెరిచావో, రక్తం ఆగదు" అని హుకుం జారీ చేశారు.

సెలక్షన్ హాల్లో వెనక వరసలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నేను మూడు పాటలూ వాయించాను. పరీక్షించడానికి ముందు కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం ముందుకి లాక్కుంది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?"

నేను వెనక్కి తిరిగి చెయ్యి చూపించాను. "అదిగో, ఆ చెంప వాచినాయన. మా పెదనాన్న. నాలుగేళ్ళు నేర్పాడు."

పెదనాన్న ఉలిక్కిపడ్డాడు. తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ ఆడించాడు. ఎంత పెద్ద నిలదీతకైనా క్షణంలో అబద్ధం అల్లగలిగిన మనిషి, కాదని చెప్పడానికి నోరు తెరవబోయాడు. డాక్టరుగారు ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి టక్కున మూసేశారు.

"గంట కాలేదు" అన్నారు.

పెద్దావిడ నన్నడిగి గురువు పేరు రాసుకుని, నా చేతిలో పాఠశాలలో చేరే కాగితం పెట్టింది.