సోఫాల మేస్త్రీ, మహాపీఠం

ఆయన వారంలో ఆరు రోజులు సోఫాలు బాగుచేస్తాడు. ఏడో రోజు మఠాధిపతి. కుంగిన స్ప్రింగులు లాగి కట్టి, కొత్త స్పాంజి దూర్చే ఆ చేతులే ఆదివారం మధ్యాహ్నం పాచికలు దొర్లించి ఊళ్లకు ఊళ్లను ఆశీర్వదిస్తాయి. ఈ వేషాల ఆట ఆడేది కొట్లోనే, డెలివరీకి సిద్ధంగా ఉన్న ఎవరివో సోఫాల మీద. కూర్చుని చూడకపోతే పనితనం ఎలా తెలుస్తుందని ఆయన వాదన.

ఆట నడిపేది బావమరిది. జిరాక్స్ షాపు అతనిది. కథ అతను చెబుతుంటే మిగతా ఇద్దరూ చెరో పాత్ర ఆడతారు. మేస్త్రీ దీపమఠం గురువు. ఆయన భార్య నీడమఠం సన్యాసిని. ఆవిడ ఆసుపత్రి రిసెప్షన్‌లో సాయంత్రం డ్యూటీ చేస్తుంది. ఆయన కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి ఆవిడ ఉండదు, ఆవిడ వచ్చేసరికి ఈయన గురక పెడుతుంటాడు. మొగుడూ పెళ్లాలు తీరిగ్గా ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ కథలోని లేని రాజ్యంలోనే, అదీ శత్రువులుగా.

దీపం వాళ్లకు వెలుగే దేవుడు. నీడ లేకపోతే ఆ వెలుగును గుర్తుపట్టేదెవరని నీడ వాళ్లంటారు. ఇంత సున్నితమైన భేదం మీద ఇప్పటికి నాలుగు పట్టణాలు తగలబడ్డాయి.

రెండు మఠాలకూ పైన మహాపీఠం ఉంది. మేస్త్రీ మూడేళ్లుగా దాని మీద కన్నేశాడు. "నాకు పదవి మీద మోజేం లేదురా, సేవ చేద్దామనే" అంటాడు, కొత్త గుడ్డ వేసిన చేతికుర్చీలో వెనక్కి వాలి, కూర్చునే తీరు సాధన చేస్తూ.

బావమరిది పెట్టిన నియమం ఒకటి మాత్రం ఆయనకు మింగుడుపడదు. మహిమ చూపించే ముందు, ఎందుకు చూపిస్తున్నాడో చీటీ మీద రాసివ్వాలి. గొప్ప కారణం అక్కర్లేదు. నిజమని బావమరిదికి నమ్మకం కుదిరితే చాలు, మహిమ పనిచేస్తుంది. మేస్త్రీ ప్రతిసారీ 'లోకకల్యాణం' అని రాస్తాడు. మూడేళ్లలో ఆయన చేతిమీదుగా ఒక్కరికీ జ్వరం తగ్గలేదు.

ఆ ఆదివారం పీఠానికి ఎన్నిక. పోటీలో గురువు, సన్యాసిని. గురువు ఓటుతో కలిపి పెద్దల ఓట్లు చెరిసగం చీలాయి. తేల్చాల్సిన ఓటు సన్యాసినిది. సభకు వస్తుంటే దారిలో ఆవిణ్ణి పాము కరిచింది.

"బావా, అక్క ప్రాణం నీ చేతిలో ఉంది. విషం దించే మహిమ ఉన్నది నీకొక్కడికే."

ఆవిడ పోతే పోటీలో మిగిలేది తనొక్కడే. మేస్త్రీ ఆ లెక్క ఎప్పుడో వేసేశాడు.

"విధి రా. మనమెంతటి వాళ్లం?" మొహానికి దుఃఖం తగిలించుకున్నాడు గానీ, అది సరిగ్గా అతకలేదు.

"అబ్బో, విధి!" భార్య సోఫా మీద కాళ్లు చాపుకుంది. "పోనివ్వండి. మళ్లీ కొత్త వేషం కట్టి మీతో కొట్లాడే ఓపిక నాకు లేదు. వచ్చే ఆదివారం నుంచి ఇంట్లో హాయిగా పడుకుంటా."

"నిజంగానా?"

"మీ దేవుడి మీద ఒట్టు."

మేస్త్రీ పెన్సిల్ తీసుకున్నాడు. కిటికీలోంచి పడ్డ ఎండలో స్పాంజి నూకలు ఎటు వాలాలో తెలియనట్టు తేలుతున్నాయి. రాశాడు, కొట్టేశాడు, చీటీ తిప్పి మళ్లీ రాశాడు.

బావమరిది పైకే చదివాడు. "లోకం ఏమైపోయినా నాకనవసరం. తను రాకపోతే ఆదివారం నాకెవరున్నారు? బతికి, ఓటు కూడా నాకే వేస్తే ఇంకా మంచిది."

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"విషం దిగింది," అన్నాడు బావమరిది.

ఆవిడ మొగుడి వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"నా ఓటు నాకే."

"అదేంటే! ఇప్పుడేగా ప్రాణం పోశాను!"

"పోశారు. మర్చిపోను. కానీ మతం మతమే."

అలా మహాపీఠం నీడ వాళ్లదైంది. కొత్త పీఠాధిపతి తొలి ఆజ్ఞగా దీపమఠం గురువుకు ఉద్యోగం ఇచ్చింది: సభామండపంలో దీపాలు వెలిగించడం.

"ప్రతి ఆదివారం తప్పకుండా రావాలి మరి," అంది.

"నువ్వొస్తావా?"

"నేను రాకపోతే ఎవరి ముందు వెలిగిస్తారు?"

మేస్త్రీ తల వంచి ఒప్పుకున్నాడు. "ప్రస్తుతానికి," అని చేర్చాడు.