పై వాటాకు పడిన తాళం

నాకు ముక్కు మీద కోపమని మావాళ్ళందరూ అంటారు. నిజమే. కూరగాయల బండి దగ్గర తూకం తేడా వస్తే ఊరుకోను, బస్సులో చిల్లర ఇవ్వకపోతే దిగను. అలాంటిదాన్ని ఆ వేసవిలో నోరు కుట్టేసుకుని తిరిగాను. బాడుగ బాకీ పడ్డాం మరి. బాకీ ఉన్నవాళ్ళకు మాట్లాడే హక్కు ఉండదని అప్పట్లో గట్టిగా నమ్మేదాన్ని.

మేముండేది ఇందుకూరుపేటలో, ఒక రైతు ఇంటి మేడమీద. కింద ఇంటివాళ్ళు, పైన మేము. నేను ఇంట్లోనే మిషను కుడతాను. మా ఆయన విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. మేత వేయించడం, నీళ్ళు చూసుకోవడం, అక్కడే షెడ్డులో పడుకోవడం. వారానికి ఒకసారి ఇంటికి వస్తే గొప్ప. మా పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయింది. ఆ వేసవిలో గుంటలకు తెల్లమచ్చ రోగం తగిలింది. రొయ్య అంతా చచ్చి తేలింది. గుంట యజమాని జీతాలు ఆపేశాడు. నా కుట్టుకూలితో పొయ్యి వెలిగింది గానీ బాడుగ దాకా రాలేదు. ఒక నెల తప్పింది, ఆ పై నెలా తప్పింది.

మా ఓనరన్న చెడ్డవాడని నేను చెప్పను. ఆయనకూ తిప్పలున్నాయి. ధాన్యం తోలిన మిల్లువాళ్ళు డబ్బులివ్వక తిప్పుతున్నారు. మేము కాపురముంటున్న ఈ మేడ కట్టడానికి తెచ్చిన బ్యాంకు అప్పుకు వాయిదా కట్టాలి. ఆయనకు మిల్లువాళ్ళివ్వాలి, మాకు గుంట యజమాని ఇవ్వాలి, మేము ఆయనకివ్వాలి. మిల్లువాళ్ళ మీద అరవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. అరవడానికి పైన మేమున్నాం కదా.

మొదట్లో మెట్ల కింద నిలబడి దగ్గేవాడు. తర్వాత జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందే అడగడం మొదలుపెట్టాడు.

“ఏమ్మా, ఎప్పుడిస్తావు? మీ ఆయనేమో కంటికే కనపడడు. ఈ నెలాఖరు దాకా చూస్తా. ఇయ్యకపోతే సామానంతా రోడ్డు మీద ఏసేస్తా. తర్వాత చెప్పలేదనొద్దు.”

“ఇస్తామన్నా. గుంటాయన ఇయ్యంగానే ఇచ్చేస్తాం.”

కొలతలిస్తున్న ఆడవాళ్ళు గోడవైపు చూశారు. వాళ్ళు వెళ్ళాక ఆ సిగ్గంతా కోపమై గిన్నెల మీద చూపించాను.

ఆ తర్వాత నీళ్ళు ఆగాయి. మోటారు స్విచ్చు కింద వాళ్ళ వరండాలో ఉంటుంది. ఒకరోజు కుళాయి తిప్పితే చుక్క రాలేదు. మోటారు కాలిందేమోనని కిందికి వెళ్ళి అడిగాను. “మోటారుకేం, బాగనే ఉండాది. బాడుగ కట్టినోళ్ళకు నీళ్ళొస్తాయి” అన్నాడు. వీధి కుళాయి దగ్గర నుంచి బిందెలు మోసుకున్నాను. ఆ రోజుల్లో కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. గేటు చప్పుడైతే చాలు, మిషను ఆపి చెవులు రిక్కించేదాన్ని. కుట్టు వంకరపోయేది. విప్పేదాన్ని, మళ్ళీ కుట్టేదాన్ని. మా ఆయనకు ఫోన్ చేసి అరిస్తే, “పోనీలే, వేరే ఇల్లు చూసుకుందాం” అనేవాడు తాపీగా. వేరే ఇంటికి అడ్వాన్సు ఎవరిస్తారు? అదీగాక పెళ్ళిళ్ళ కాలం. ఊళ్ళోవాళ్ళ పట్టు జాకెట్లన్నీ నా గదిలో ఉన్నాయి. అవి కుట్టి ఇస్తేనే డబ్బులు, ఆ డబ్బులొస్తేనే బాడుగ. ఇల్లు పోతే మిషను పెట్టుకునే చోటు పోతుంది. చోటు పోతే పని పోతుంది. ఏ పక్క నుంచి ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగేదాన్ని.

ఇక్కడ మా మేడ సంగతి ఒకటి చెప్పాలి. పైన మిద్దె మీదికి వెళ్ళాలంటే మా వాటాలోంచే మెట్లు. ఎండాకాలం వస్తే ఓనరక్క వడియాలు, ఊరమిరపకాయలు ఎండబెట్టుకునేది అక్కడే. అందుకని మేము ఊరు వెళ్ళినప్పుడల్లా తాళంచెవి ఆమె చేతిలో పెట్టి వెళ్ళడం మొదటి నుంచీ అలవాటు. ఆమె పైకి వెళ్ళి వడియాలు తిప్పుకుంటుంది, పోతూ పోతూ నా గోరింటాకు మొక్కకు చెంబెడు నీళ్ళు పోస్తుంది. తాళంచెవి వెంట తీసుకుపోతే మీ మీద నమ్మకం లేదని మొహం మీద చెప్పినట్టే. మా వీధిలో బాడుగకున్నవాళ్ళెవరూ ఆ పని చేయరు.

నాయుడుపేటలో మా ఖాలా, అంటే మా అమ్మ చెల్లెలు, చనిపోయిందని ఒకరోజు పొద్దున్నే ఫోనొచ్చింది. ఏడుస్తూనే రెండు బట్టలు సంచిలో కుక్కుకుని బయల్దేరాను. బయల్దేరుతూ తాళంచెవి ఓనరక్క చేతిలో పెట్టాను. బాకీ గొడవ నడుస్తోంది, ఇప్పుడీ పని చేయొచ్చా అన్న ఆలోచనే రాలేదు. “వడియాలు ఎండేసుకో అక్కా. మూడోనాటి ఫాతెహా అవంగానే వచ్చేస్తా” అన్నాను. ఆమె నా భుజం నిమిరి గేటు దాకా వచ్చి సాగనంపింది.

నాయుడుపేటలో నా మనసు నిలవలేదు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి పోతే, ఆమె కోసం నిండుగా ఏడవలేకపోయాను. చుట్టాల మధ్య కూర్చున్నా నా కుడికాలు మిషను తొక్కుతున్నట్టు నేల మీద ఆడుతూనే ఉంది. పక్కనున్న ముసలమ్మ మోకాలి మీద చెయ్యేసి ఆపింది. అందరూ దువా చేస్తుంటే నేను నీళ్ళు రాని కుళాయి గురించి, పూర్తికాని జాకెట్ల గురించి ఆలోచిస్తున్నాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తిరిగొచ్చేసరికి మా తలుపుకు కొత్త తాళం వేసి ఉంది. నాది కాదు. కిందికి దిగాను. ఓనరన్న వరండాలో పేపరు చదువుతున్నాడు.

“ఇదేందన్నా? నా తాళం యాడ?”

“నా దగ్గరే ఉండాది. నువ్వు ఖాళీ చేసినావు గదా.”

“ఎవరు ఖాళీ చేసినారు? మా ఖాలా చచ్చిపోతే పోయినా.”

“అదంతా నాకు తెలవదమ్మా. తాళంచెవి చేతికిచ్చి పోయినావు. చేతికిచ్చినాక ఇల్లు అప్పజెప్పినట్టే. బాకీ కట్టు, సామాను తీసుకపో.”

నాకు ఆయనన్నదాంట్లో అబద్ధమేమిటో వెంటనే తోచలేదు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు చివర్లో చేసేది నిజంగా అదే. ఊడ్చి, తలుపు మూసి, తాళంచెవి ఓనరు చేతిలో పెట్టి నమస్కారం చెప్పి వెళ్ళిపోతారు. నమ్మి చేసే పని, వదిలిపోతూ చేసే పని చూడ్డానికి రెండూ ఒకటే. ఓనరక్క అరుగు చివర చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

అన్నాళ్ళూ దాచుకున్న కోపం అప్పుడు వచ్చింది. తాళం తీసేదాకా ఇక్కడి నుంచి కదలనని మెట్ల మీద కూర్చున్నాను. కూర్చోవడమంటే కూర్చోవడం కాదు. లేవడం, తలుపు దాకా వెళ్ళడం, ఆ తాళాన్ని ఒకసారి గుంజి చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. మా ఆయనకు ఫోన్ చేశాను. “గొడవ పెట్టుకోబాక. రేపొస్తాలే” అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఆయన మీద వచ్చినంత కోపం ఓనరన్న మీద కూడా రాలేదు. ఎండ మెట్ల మీదికి పాకింది. కొంగు తలమీద కప్పుకుని అలాగే ఉన్నాను.

మధ్యాహ్నం తిరిగాక స్కూటీ మీద లాయరమ్మ వచ్చింది. పక్కవీధి అమ్మాయి, నెల్లూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. మర్నాడే వాళ్ళ చెల్లెలి పెళ్ళి.

“అక్కా, నా జాకెట్ అయిందా?”

“అయిందమ్మా. లోపలుండాది. లోపలికి పోయే దారే లేదు.”

“నా పట్టు జాకెట్టా?” అని ఆ అమ్మాయి గుండె మీద చెయ్యేసుకుంది. ఉన్నదున్నట్టు చెబితే సవతి కబురు విన్నట్టు ముఖం ఎర్రగా చేసుకుంది. జాకెట్ సంగతి మర్చిపోయి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

“తాళం వేసే హక్కు ఆయనకెవరిచ్చినారు?”

“బాకీ ఉండాం గదమ్మా.”

“బాకీ ఉంటే బాకీ అడగాల. మరీ కాకపోతే ఖాళీ చేయించమని కోర్టుకు పోవాల. కోర్టు చెప్పేదాకా తాళమేసేదానికి లేదు, నీళ్ళు ఆపేదానికి లేదు, నీ సామాను ముట్టుకునేదానికి లేదు. ఇల్లు ఆయనదే అక్కా. లోపల కాపురం నీది.”

ఆ మాట నా బుర్రకు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. బాకీ వేరు, కాపురం వేరు అని అన్నాళ్ళలో ఒక్కరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. బిందెలు మోస్తూ తలొంచుకుని నడిచిన రోజులన్నీ గుర్తొచ్చి నా మీద నాకే మండింది.

ఇద్దరం కిందికి దిగాం. లాయరమ్మ మర్యాదగానే మొదలుపెట్టింది. ఓనరన్న పేపరు మడిచాడు.

“అగ్రిమెంటు యాడుందమ్మా? కాయితమే లేదు, హక్కులంట.”

“కాయితం లేకపోయినా బాడుగకు ఉన్నట్టేనన్నా. ఇన్నాళ్ళు ఫోన్లో వేసిన బాడుగ మీ అకౌంట్లోనే కనపడతా ఉంటుంది గదా.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “సరే. ఉన్నిందనే అనుకో. ఇష్టపడి తాళంచెవి అప్పజెప్పి పోయింది. నేను బలవంతం చేసినానా? ఖాళీ చేసి పోయినోళ్ళ ఇంటికి తాళమేసుకుంటే తప్పా?”

లాయరమ్మ నన్ను పక్కకు తీసుకెళ్ళి మెల్లగా అంది. “నిజంగా నీ ఇష్టంతో ఇల్లు అప్పజెప్పుంటే మాత్రం సంగతి మారిపోతుందక్కా. తాళం ఇచ్చేటప్పుడు ఎవరెవరున్నారు?”

“నేనూ ఓనరక్కే. ఇంకెవరూ లేరు.”

ఇద్దరం ఆమె వైపు చూశాం. నా మిషను, ఊళ్ళోవాళ్ళ బట్టలు, నా బతుకు అన్నీ ఆ చేట పట్టుకున్న మనిషి నోట్లో ఉన్నాయి. ఆమె ఆయన భార్య. నేను ఎవర్ని? బాడుగ ఎగ్గొట్టిన పైవాటా మనిషిని.

“పెద్దమ్మా, తాళంచెవి తీసుకునింది మీరే గదా. ఏమని చెప్పి ఇచ్చింది?” అని అడిగింది లాయరమ్మ.

“నువ్వు లోపలికి పో” అన్నాడు ఓనరన్న భార్యతో.

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. లోపలికే నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, మావైపు తిరగకుండానే చెప్పింది.

“మళ్ళొస్తానని ఇచ్చింది. వడియాలు ఎండేసుకోమని ఇచ్చింది. ఖాళీ చేసేవాళ్ళు అట్టా చెప్పరు.”

లోపలికి వెళ్ళిపోయింది. ఓనరన్న ఆ గుమ్మంవైపే చూస్తూ ఉండిపోయాడు. ఆయన ముఖంలో కోపం కంటే దిగులే ఎక్కువ కనిపించింది నాకు. “బ్యాంకోడికి నేనేం చెప్పేది?” అన్నాడు ఎవరినీ చూడకుండా. జేబులోంచి తాళంచెవి తీసి అరుగు మీద పెట్టాడు.

మేడమీదికి వచ్చాక లాయరమ్మ నన్నూ వదల్లేదు. “బాడుగ ఎగ్గొట్టమని కాదక్కా నేను చెప్పింది. కట్టాల్సిందే. కట్టకపోతే ఆయన కోర్టుకు పోయి గెలుస్తాడు. ఉన్నంత ఎప్పటికప్పుడు ఫోన్లో వెయ్యి. చేతికిస్తే రశీదు రాయించుకో” అని గట్టిగా చెప్పింది. జాకెట్ తీసుకుని, కుట్టుకూలి అక్కడికక్కడే నా ఫోన్‌కు వేసింది. నేను అక్కడికక్కడే దాన్ని ఓనరన్నకు పంపాను. కింద వరండాలో ఆయన ఫోన్ డబ్బులొచ్చాయని మోగడం మాకిద్దరికీ వినిపించింది. లాయరమ్మకు నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. ఆ సాయంత్రమే మోటారు ఆడింది. పెళ్ళిళ్ళ బట్టలు ఒక్కొక్కటే ఇచ్చే కొద్దీ, గుంటాయన జీతం విదిల్చే కొద్దీ, బాకీ తీరుతూ వచ్చింది. మా ఆయన వచ్చి, ఇంత జరిగిందా అని ఆశ్చర్యపోయాడు. ఆయనకు ఆ పూట అన్నం నేను వడ్డించలేదు.

ఓనరక్క మాత్రం చాలా రోజులు పైకి రాలేదు. అంతకుముందు ఆమెకు మా ఇంట్లో అడ్డే లేదు. పిలవకుండానే వచ్చేది, గిన్నె మూత తీసి కూరేందో చూసేది, మంచం మీద చతికిలబడి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. కట్ చేస్తున్న గుడ్డ మీద కూర్చుంటే లెమ్మని కసిరేదాన్ని కూడా.

ఒకరోజు మిషను ముందు నుంచి తలెత్తి చూస్తే ఆమె తలుపు బయట నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. తలుపు బార్లా తీసే ఉంది.

“లోపలికి రావచ్చా?” అంది.

ఆ మాట కోసమే కదా నేను ఎండలో మెట్ల మీద కూర్చుంది! లోపలి కాపురం నాదని ఇంటివాళ్ళు ఒప్పుకోవాలనే కదా పోట్లాడింది! ఆ ఒప్పుకోలు ఆమె నోట వినేసరికి నాకు ఏడుపు వచ్చింది. నా కోసం మొగుడి మాట దాటిన మనిషి, తన ఇంటి గడప బయట నిలబడి నన్ను అనుమతి అడుగుతోంది.

“అదేం మాటక్కా, రా” అన్నాను.

ఆమె లోపలికి వచ్చింది. నేను కుర్చీ చూపించేదాకా నిలబడే ఉంది.