విన్నది అప్పజెప్పమనే మనిషి

మొన్న బ్యాంకులో నా ముందు నిలబడ్డ ముసలామె వేలిముద్ర వేస్తుంటే ఇంకు ప్యాడు వాసన గుప్పుమంది. కాస్త పుల్లగా, పాత మందుసీసా మూత తీసినట్టు ఉండే ఆ ఊదారంగు వాసన తగలగానే నా కుడిచెయ్యి దానంతటదే జేబులోకి పోయి దాక్కుంది. గుమస్తా నన్ను దొంగను చూసినట్టు చూశాడు. చూడనీ. నన్ను అంతకు పదింతలు అనుమానంగా చూసిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన చూపు ముందు ఈ గుమస్తా చూపు ఏపాటి?

ఆయన పేరు సూరప్పడు. విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి ఇనుపరాయి గనులున్న కిరండూల్ వచ్చి, లెవెల్ క్రాసింగు గేటు వేస్తూ తీస్తూ ముసలివాడైన మనిషి. నాది ఆవపల్లి దగ్గర పల్లె. గనుల్లో పని దొరుకుతుందని వచ్చి, దొరక్క, కూలీల ఇళ్ళుండే లేబర్ లైన్లో సైకిళ్ళు బాగుచేస్తూ కూర్చున్నాను. సైకిలు బాగుపడేలోపు దాని యజమానికి ఒక కథ చెప్పడం నా అలవాటు. ఇనుపరాయి మోసే గూడ్సు బండి ఎంత పొడవంటే, ఇంజను విశాఖపట్నం చేరి డ్రైవరు భోంచేసి కునుకు తీశాక కూడా చివరి డబ్బా ఇంకా కిరండూల్లోనే ఉంటుందని చెప్పేవాణ్ణి. డబ్బాలో గార్డు ఉంటాడు కదా, అతనికి అన్నం ఎవరు పెడతారని జనం అడిగేవాళ్ళు. దానికీ నా దగ్గర ఒక కథ ఉండేది.

ఆ రోజుల్లో కొండ మీద తవ్వకం జోరుగా సాగేది. వాన పడితే వాగులో నీళ్ళు ఎర్రగా దిగేవి. అందుకని రైల్వే క్వార్టర్లు, మా లేబర్ లైను, వాగు ఒడ్డున ఉన్న గోండుల వాడ, అదే పారా, మూడూ కలిసి నీళ్ళ కోసం ఒక సమితి పెట్టుకున్నాయి. చోటుకు ఇద్దరు సభ్యులు. మా లైను వాళ్ళు నన్ను పంపారు. నోరున్నవాడినని, గోండీ, హిందీ వచ్చినవాడినని. సూరప్పడు అప్పటికే సమితికి పెద్ద. నన్ను పైనుంచి కిందికి చూసి మా లైను వాళ్ళతో అన్నాడు.

“నోరున్నోణ్ణి తెచ్చినారు. సెవులున్నోడు దొరకనేదేటి?”

ఆయన సమితిని గేటు నడిపినట్టే నడిపాడు. బండి వస్తోంది, గేటు వెయ్యమని స్టేషను నుంచి ఫోనొస్తే, గేటు మనిషి విన్నది మళ్ళీ అప్పజెప్పాలట. అప్పజెప్పేదాకా అవతలివాడు చెప్పినట్టు కాదు, ఇవతలివాడు విన్నట్టూ కాదు. మా సమావేశాల్లో, అంటే బైఠకుల్లోనూ అంతే. కాగితం ఏదొచ్చినా మూడు భాషల్లో చదవాలి, విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే సంతకం, లేదా అంగూఠా, అదే వేలిముద్ర. ఆయన మాటలకూ అదే నియమం. “నేను సెప్పింది కూడా అప్పజెప్పండ్రా, నన్ను మాత్రం ఎందుకు నమ్మాల?” అనేవాడు. ఎవరైనా మిఠాయి తెస్తే ముందు పొట్లం వైపు కాదు, తెచ్చినవాడి మొహం వైపు చూసేవాడు. నాకు విసుగొచ్చేది. ఇరుగుపొరుగు మధ్య ఇంత అనుమానమా అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున బడి వరండాలో బైఠక్. ఎన్నడూ మా వైపు తొంగిచూడని ఒక ఠేకేదారు మున్షీ, అంటే కాంట్రాక్టరు గుమస్తా, జీపులో దిగాడు. చేతిలో కాగితాలు, లడ్డూల పెట్టె, కొత్త ఇంకు ప్యాడు. మూడు చోట్లకూ నీళ్ళొచ్చేలా ట్యాంకీ కట్టిస్తామన్నాడు. సూరప్పడు ఇంకా రాలేదు. ఆయన ఆలస్యంగా రావడం అదే మొదలు, అదే చివర. మున్షీ కాగితం నాకిచ్చాడు. “నువ్వు చదువు భాయ్, నీకు అన్ని భాషలూ వచ్చట కదా,” అన్నాడు. ఆ మాటకు నా ఛాతీ సైకిలు ట్యూబులా పొంగింది.

మొదటి పేజీలో ట్యాంకీ సంగతి రెండు ముక్కల్లో ఉంది. రెండు ముక్కలు చదివి ఊరుకుంటే నేనెందుకు? పారా తరఫున వచ్చిన బుద్రి అక్క వైపు తిరిగి గోండీలో మొదలుపెట్టాను. ఆ ట్యాంకీ ఎంత ఎత్తంటే కాకి పైకెగరాలంటే దారిలో రెండుసార్లు ఆగి అలుపు తీర్చుకోవాలన్నాను. కుళాయి తిప్పితే కుండ మోసుకుపోయేంత ధార అన్నాను. అందరూ నవ్వారు. బుద్రి నవ్వలేదు. శ్రద్ధగా వింది. రెండో పేజీ తిప్పాను కానీ చదవలేదు. కథ అప్పటికే అయిపోయింది. అప్పజెప్పడం తర్వాత చూద్దాంలే అన్నది నేనే. ముగ్గురు సంతకాలు, వేలిముద్రలు వేసేశారు. బుద్రి కూడా బొటనవేలు అద్దింది.

అప్పుడొచ్చాడు సూరప్పడు. లడ్డూలు చూశాడు, మున్షీని చూశాడు, చివరికి నన్ను చూశాడు.

“అప్పజెప్పినారా?”

అందరూ నా వైపు చూశారు. ఆయన బుద్రి ఎదురుగా కూర్చున్నాడు. “ఏటి విన్నావో సెప్పమ్మా.” ఆమె గోండీలో చెప్పేది నన్ను తెలుగులో చెప్పమన్నాడు. ఆమె కాకి సంగతీ కుండ సంగతీ ఒక్క మాట పోకుండా అప్పజెప్పింది. నా అబద్ధం నా నోటితోనే తెలుగులోకి మార్చి చెబుతుంటే చెవులు కాలిపోయాయి.

“మరి రెండో పేజీలో?”

బుద్రి నా వైపు చూసింది. “రెండో పేజీ ఉందా?”

మున్షీ చేతిలోని కాగితం తీసుకుని సూరప్పడు కూడబలుక్కుంటూ చదివాడు. పారాకు ఎగువన, వాగు పక్క నేలలో ఇనుపరాయి పొడి కుప్పలు పోయడానికి సమితికి ఏ అభ్యంతరమూ లేదని అందులో ఉంది. వాన పడితే ఆ పొడంతా ఎక్కడికి దిగుతుందో పారాలో పసిపిల్లకైనా తెలుసు. వాళ్ళకు వేరే నీళ్ళు లేవు.

“వేలిముద్రలు పడ్డాయి, అయిపోయింది,” అన్నాడు మున్షీ. కానీ అట్టడుగున ఒక గీత ఖాళీగా ఉంది. చదివి వినిపించినవారి సంతకం. అది నాది. నన్ను స్తంభం పక్కకు తీసుకెళ్ళి మెల్లగా అన్నాడు. “రెండు పేజీలూ చదివానను. ఆమెకు గుర్తులేదను. చదువుకున్నవాడి మాట నిలుస్తుందా, అంగూఠా మాట నిలుస్తుందా?”

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం ఆ మాట నాకు తియ్యగా తగిలింది. అంత తేలికైన అబద్ధం నా జన్మలో ఎవరూ నా చేతికివ్వలేదు. తల తిప్పితే బుద్రి తన బొటనవేలి రంగును చీర చెంగుతో రుద్దుకుంటోంది. అది పోవడంలేదు.

ఆ గీత మీద రాశాను. మొదటి పేజీ కథలు కలిపి చెప్పాననీ, రెండో పేజీ నేనూ చదవలేదు, ఎవరికీ వినిపించలేదనీ. కింద నా పేరు, తండ్రి పేరు, ఊరు. సూరప్పడు దాన్ని నాచేత గట్టిగా చదివించాడు, మూడు భాషల్లో. తర్వాత బుద్రిని అప్పజెప్పమన్నాడు. “ఇతను అబద్ధం చెప్పాడు. నాకు రెండో పేజీ చెప్పలేదు,” అంది. ఒక్క మాట పోలేదు. ఇక ఆ కాగితం చెల్లదని తెలిసి మున్షీ లడ్డూల పెట్టె కూడా తీసుకుని జీపెక్కాడు.

పొడి కుప్పలు ఆ వాగు పక్కకు రాలేదు. ఇంకెక్కడికో పోయాయి. అక్కడివాళ్ళకు రెండో పేజీ ఎవరు చదివారో నాకు తెలియదు. ట్యాంకీ కూడా రాలేదు. మా లైనులో కుళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి బిందెలు చప్పుడు చేసేవారు. “ఏందయ్యా, మున్షీ జీపుల తిరిగినవంట గద? బేరం కుదరకనే అడ్డం తిరిగినవా?” అనేవారు. నన్ను సమితి నుంచి తీసెయ్యమని అడగడానికి నలుగురు సూరప్పడి గుమ్మానికి వెళ్ళారు.

“ఈడి అబద్ధం ఎక్కడుందో మనకి తెలిసిపోయింది. మీయి ఎక్కడున్నాయో ఇంకా తెలీదు. ఈణ్ణే ఉంచుతాను,” అన్నాడట.

చాలా రోజులకు ధైర్యం చేసి అడిగాను. “మామా, నన్ను ఎవరన్న కొన్నరని నువ్వు గూడ అనుకున్నవా?”

“నిన్ను కొనాలంటే ఆ పేజీలో ఏటుందో నీకు తెలియాల కదరా. సదవనోణ్ణి ఎవడు కొంటాడు?”

“మరి ఆ దినం ఆలస్యంగ ఎందుకొచ్చినవు? నీకు ముందే తెలుసా ఏంది?”

ఆయన బీడీ వెలిగించుకున్నాడు. “అనుమానం ఒచ్చింది కదా. మంచిదే. అట్టిపెట్టుకో,” అన్నాడు. పింఛను తీసుకుని విజయనగరం వెళ్ళిపోయేదాకా అంతకు మించి చెప్పలేదు. నేను తప్పటడుగు వేస్తానో లేదో చూడటానికి ఆయన బడి చాటున నిలబడ్డాడని ఒకరోజు అనుకుంటాను. మోకాళ్ళ నొప్పితో నిజంగానే ఆలస్యమైందని ఇంకోరోజు అనుకుంటాను. రెండూ నమ్మను.

కథలు మానలేదు. సైకిలు కొట్టు దగ్గర ఇప్పటికీ చెబుతాను, ఇప్పటికీ నవ్వుతారు. సమితి కూడా ఉంది, నేనూ ఉన్నాను, జుట్టు నెరిసిన బుద్రి అక్కా ఉంది. ఏ కాగితమొచ్చినా నేను గోండీలో చదివి ముగించగానే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, “ఇప్పుడు ఇంకొకరు చదవండి,” అనేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఆ మాట తప్పించలేదు. మొదట్లో అది చెంపదెబ్బలా తగిలేది. ఇప్పుడు ఆమె నోరు తెరవకముందే కాగితం పక్కవాడి చేతిలో పెడతాను.