పాలపండ్ల పొట్టేలు

కోస్గి చుట్టుపక్కల పొట్టేళ్ల బేరానికి వచ్చినవాళ్లు ముందు ఐలేశాన్ని వెంటబెట్టుకుంటారు. పొట్టేలు ఎంత ఎత్తున్నా, కొమ్ములు ఎంత తిరిగినా ఆయన చూసేది నోరే. దవడ పట్టి తెరుస్తాడు. పాలపండ్లు ఊడి ముందు రెండు పెద్ద పండ్లు వేయకపోతే దాన్ని ఆడ గొర్రెల మందలో విడవనియ్యడు. "గీ వయసుల ఇడిస్తే నడుం పడిపోతది. జర మెయ్యనీ," అంటాడు. ఎవరు బతిమాలినా వినడు.

ఆయన కొడుకు లింగస్వామి ఇంటర్ చదువుతూ మా ఊరి కబడ్డీ జట్టులో ఆడేవాడు. నేను పట్టేవాణ్ణి, వాడు కూతకు పోయేవాడు. ఒళ్లింకా పుల్లలాగే ఉండేది, కానీ ఎవరికీ దొరికేవాడు కాదు. వాడి ఆట ఉందంటే ఐలేశం మందను పక్కవాడికి అప్పగించి వచ్చేవాడు.

జిల్లాల లీగులో అడుగున పడ్డ జట్టుకు మరుసటేడు ఆటగాళ్లను అందరికంటే ముందు ఎంచుకునే హక్కు ఉంటుంది. అట్లా లింగస్వామిని ఎంచుకోవడానికి మా ఊళ్లో కారు దిగాడు, ఆ ఏడు అడుగున పడ్డ జట్టు మేనేజరు ప్రేమ్‌సాగర్. వాళ్ల జట్టులో పట్టేవాడు లేడు, నేర్పేవాడు లేడు. అవి బాగుచేసుకోవాల్సింది పోయి, ఒక్క పిల్లగాడు వస్తే చాలు, కప్పు ఒళ్లో వాలుతుందని కలగన్నారు మహానుభావులు!

"ఇంకో రెండేండ్లు ఈడనే ఆడనియ్యిండ్రి సార్. ఒళ్లు గట్టిపడనీ," అన్నాను నేను.

ప్రేమ్‌సాగర్ నవ్వి ఊరుకున్నాడు. ఐలేశం మాత్రం నా మీదికి లేచాడు. "మా పోరణ్ణి అందరికన్న ముందుగాల పిలుస్తున్నరు. నీకెందుకురా కడుపుమంట?"

ఆ 'ముందుగాల' అన్న మాటే ఆయన కళ్లు కప్పింది. ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

మిగతా జట్లు కొత్తవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి ఆట నేర్పాయి. వీళ్లు మొదటి ఆట నుంచే లింగస్వామిని కూత మీద కూతకు తోలారు. ఫోన్లో చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. మోకాలు వాచిందంటే సూది పొడిపించి మళ్లీ తోలారు. ఒకనాడు నలుగురు మీద పడ్డారు, వాడు లేవలేదు. దవాఖానకు మోసుకుపోయారు.

జట్టు మళ్లీ అడుగునే పడింది. అంటే మళ్లీ ముందుగా ఎంచుకునేది వాళ్లే! ప్రేమ్‌సాగర్ ఆత్మకూర్ వైపు ఇంకో పిల్లగాణ్ణి చూసుకున్నాడు. లింగస్వామికి ఒక్క ఫోను కూడా చేయలేదు, సిగ్గులేని మనిషి.

ఇప్పుడు లింగస్వామి కుంటుకుంటూ తండ్రి వెంట మంద తోలుతున్నాడు. మొన్న పెద్దులు అనే ఒకాయన తన మందలో విడవడానికని బేరానికి వచ్చి, వీళ్ల పొట్టేలు ఒకదాని మీద మనసు పడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఐలేశం దాని నోరు తెరిచి చూశాడు.

"ఇంకా పండ్లెయ్యలే. ఇయ్య."

"గింత బలంగున్నది గదనే?"

"బలం గాదు, పండ్లు జూడాలె."

గట్టు మీద కాలు చాపుకుని కూర్చున్న లింగస్వామి తలెత్తాడు. "నాయినా, నన్ను తోలినప్పుడు నా నోరెందుకు తెరిచి చూడకపోతివి?"

 పొట్టేలు తల విదిలించుకుంటున్నా, ఐలేశం దాని దవడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.