వెన్నుపూసకు వెన్నపూస

మా ఆయన పత్తి లోడు మీంచి పడ్డ ఏడు మా వీధిలో ఏ ఇంట్లోనూ వెన్న నిలవలేదు. చిలికినదంతా గిన్నెలకెక్కి మా గడపలోకి నడిచొచ్చింది. దీనికంతటికీ మూలం ఒక్క కొమ్ము. గేదె కొమ్ము కాదు, అక్షరానికి పెట్టే కొమ్ము. నా చదువు మూడో తరగతితో ఆగినా, కొమ్ము ఉంటే వెన్ను, లేకపోతే వెన్న అని నాకు తెలుసు. మా అత్తకు ఆ మూడూ కూడా లేవు.

పత్తి తొక్కి నింపిన ట్రాక్టరు మీద కూర్చుని మాచర్ల వైపు పోతుంటే చక్రం గుంతలో పడింది, ఆయన కింద పడ్డాడు. గుంటూరు ఆసుపత్రిలో చానాళ్ళు ఉంచి, ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నిదానంగానే చెప్పారు. "వెన్నుపూస దెబ్బతింది. లోపల నరం నలిగింది. ఒళ్ళు బరువెక్కనీయకండి. గంట గంటకీ అటూ ఇటూ తిప్పండి, లేకపోతే పుండ్లు పడతాయి. చేతులు గట్టిపడితే తనంతట తానే లేచి కూర్చుంటాడు. కొన్నాళ్ళాగి మళ్ళీ తీసుకురండి."

నాకు ఆ మాటల్లో ఒక్కటే గుండెలో దిగింది, లేచి కూర్చుంటాడని. మా అత్తకూ ఒక్కటే చెవిన పడింది, అది వేరే.

ఇంటికి రాగానే వీధి అరుగు మీద కూలబడి చెప్పింది. "మావోడికి వెన్నపూస చెడిందంటనే! డాక్టరే చెప్పాడు."

"అయ్యో వదినా, ఒంట్లో వెన్న చెడితే బయట్నుంచి పెట్టకపోతే ఎట్టా?" అంది పక్కింటి పిన్ని.

నేను కల్పించుకున్నాను. "వెన్నపూస కాదత్తా, వెన్నుపూస. వీపులో ఎముక."

"అదేగా నేనూ అంటంది! వీపులో వెన్న ఉంటేనేగా మనిషి వంగేది, లేచేది? బండి ఇరుసుకి కందెన పెట్టరా ఏంది?"

కందెన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు మా వీధిలో లేరు. అందరిళ్ళల్లోనూ బండి ఉంది.

ఇక మొదలైంది. పొద్దున ముద్దలో వెన్న, మధ్యాహ్నం మినప సున్నుండలు, సాయంత్రం బలానికని డబ్బాల్లో అమ్మే పొడి కలిపిన చిక్కటి పాలు. ఎముకలు అతుకుతాయని ఒకామె నల్లేరు పచ్చడి నూరి తెచ్చింది. వీధి చివర ట్రాక్టర్లు బాగుచేసే సాయిబును నేను చిన్నాన్న అనేదాన్ని, ఆయన ఇంటి నుంచి మేకకాళ్ళ పాయా వచ్చేది. నరసరావుపేట నుంచి మా చిన్నమామ నరాల టానిక్కు తెచ్చాడు. సీసా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ. ఆ మనిషి ఏ లోడు మీంచీ పడినట్టు లేడు.

వచ్చినవాళ్ళు తెచ్చింది తినిపించి, వెంటనే ఆయన కాలి బొటనవేలు గిల్లేవాళ్ళు.

"తెలుస్తందా అల్లుడూ?"

"తెలవట్లా మామా."

"ఇంకో ముద్ద పెట్టమ్మాయ్."

వేలు కమిలిపోయింది గానీ ఎవరి నమ్మకమూ చెదరలేదు. లోపలికి పోయేదాని గురించే అందరి మాటలూ. రోజుల తరబడి బయటికి రానిదాని గురించి బెంగపడ్డది నేనొక్కదాన్నే.

బలం మాత్రం వచ్చింది. నల్లేరు తెచ్చినామె మాతోపాటు పాలు తాగి నిగనిగలాడింది. మా అత్తకు జాకెట్టు పట్టలేదు. ఆయన కాళ్ళకు తప్ప వీధి మొత్తానికి సత్తువ పట్టింది.

మొదట్లో అత్తా నేనూ దుప్పటి కొసలు పట్టి ఆయన్ను తేలిగ్గా తిప్పేవాళ్ళం. రానురానూ ఆయన పక్కకు దొర్లడమంటే ధాన్యం బస్తా దొర్లినట్టయింది.

"ఒరేయ్, కాస్త ఊపిరి బిగబట్టరా," అనేది అత్త.

"ఊపిరి బిగబడితే బరువు తగ్గుద్దా అమా?"

తిప్పలేక రోజుకో పూట మానేశాం. నడుం కింద ఎర్రగా కమిలింది, తర్వాత తోలు లేచింది. ఆయనకు నొప్పి తెలియదు కనుక అరవడు. లేచి కూర్చోవడం మాట దేవుడెరుగు, ఆ పుండు ముదిరితే మనిషే దక్కడు.

"ఇంక వద్దని మీ అమ్మకు మీరైనా చెప్పండి," అన్నాను.

ఆయన పైకప్పు వైపే చూస్తూ అన్నాడు. "నేను వద్దంటే మా అమ్మ మొహం ఎట్టుంటదో నువ్వు చూడలేదే. తిననీయ్."

ఆ తల్లికి పెట్టడం తప్ప చేతిలో ఇంకేమీ లేదు, ఆ కొడుక్కి తినడం తప్ప ఇంకేమీ లేదు. మధ్యలో పుండు పెరుగుతోంది. ఆ వారమే గుంటూరు తీసుకుపోదామని పట్టుబట్టాను.

డాక్టరుగారు ఆయన్ను తిప్పించి చూసి, మొహం గంటు పెట్టుకున్నారు. "ఏం పెడుతున్నారమ్మా?"

మా అత్త బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "మీరు చెప్పిందే బాబూ. వెన్నపూస. ఒక్క పూట తప్పలేదు."

డాక్టరుగారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నవ్వబోయి, పుండు వైపు చూసి, నవ్వు మింగేశారు. "పెద్దమ్మా, నేనన్నది వీపెముక. దానికి తినిపించే మందేమీ లేదు. ఈ పుండు మానాలంటే గుడ్డు, పప్పు, ఆకుకూర పెట్టండి. నీళ్ళు బాగా తాగించండి. వెన్న, టానిక్కులు ఆపండి."

"అవన్నీ ఆపితే ఎట్టా నడుస్తాడు బాబూ?"

"నడవడమ్మా. నలిగిన నరాన్ని లేపే బలం ఏ సీసాలోనూ లేదు."

అత్త కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"కూర్చుంటాడా?" అంది చివరికి.

"కూర్చుంటాడు. మీరు కూర్చోనిస్తే."

ఇంటికొచ్చిన మర్నాడు పిన్ని గిన్నెతో గడప ఎక్కబోయింది. అత్త అడ్డంగా నిలబడింది. "ఆ గిన్నె మీ ఇంట్లో పెట్టి, ఉత్త చేతుల్తో రా. వాణ్ణి తిప్పాల."

"ఏందొదినా, నాకు నడుం నొప్పి..."

"అయితే నువ్వే తిను ఆ వెన్నపూస!"

పరామర్శలు సగానికి పడిపోయాయి. గిన్నెలు మోసిన చేతులకు మనిషిని మోయడం బరువైంది మరి. టానిక్కు తెచ్చిన మామ మళ్ళీ కనపడలేదు. సాయిబు చిన్నాన్న మాత్రం రోజూ వచ్చి దుప్పటి ఒక కొస పట్టేవాడు. మా అవస్థ చూసి ట్రాక్టరు పాత బెల్టు ఒకటి తెచ్చి, మంచం మీదుగా దూలానికి బిగించాడు. "అల్లుడూ, దీన్ని పట్టుకుని లాగు. తెగదులే, దుక్కి దున్నిన బెల్టు."

లాగేవాడు. జారేవాడు. బూతులు తిట్టేవాడు. మళ్ళీ లాగేవాడు. పుండు మెల్లగా పక్కు కట్టింది, ఒళ్ళు తగ్గింది, భుజాలు గట్టిపడ్డాయి.

మిరపకాయలు ఎండే రోజుల్లో ఒక పొద్దున నేను పొయ్యి దగ్గర పప్పు తాలింపు పెడుతున్నాను. మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే, ఎవరూ ఎత్తకుండా ఆయన లేచి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ బెల్టును బిగించి పట్టుకుని ఉన్నాయి. చేటతో బియ్యం చెరుగుతున్న అత్త చెరగడం ఆపేసింది. పట్టుకోవాలని చేతులు ముందుకొచ్చాయి గానీ, ఆమె ముట్టుకోలేదు.

ఇన్నాళ్ళూ ఆయనకు పైకప్పు ఒక్కటే కనపడేది. ఇప్పుడు ఇల్లంతా నింపాదిగా చూశాడు. చివరికి చూపు నా పొయ్యి మీద ఆగింది.

"ఏమే, పప్పులోకి అన్ని మిరపకాయలా? ఇన్నాళ్ళూ నాకు పెట్టింది ఇదా?"

"అడుగు నాయనా, గట్టిగా అడుగు," అంటూ అత్త గోడవైపు తిరిగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేను ఇంకో రెండు మిరపకాయలు తుంచి నూనెలో వేశాను.